రూతక్క భయం

ఫోన్ ఎత్తితే మాట లేదు, ఫ్యాను చప్పుడు. గిర్రున లేచింది, కాసేపు తిరిగింది, ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ లేచింది. మళ్ళీ ఆగింది. గిద్దలూరులో నా రిపేరు షాపు ముందు ఆటోలు ఒకటే మోత. ఆ మోతలో కూడా ఈ చిన్న చప్పుడుని గుర్తుపట్టాను. మాట్లాడకుండా కంప్యూటర్ డబ్బా మీద ఫోన్ పెట్టి వినిపించేది లోకంలో ఒక్కడే, త్రిపురాంతకం ఓబులేసన్న. ఆయనకు చూపు లేదు. "ఏమైందన్నా?" అని అడిగితే ఏం చెప్తాడు, నాకు వినబడేదే ఆయనకూ వినబడుతుంది. ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ ఆన్ చేసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఛార్జర్ కొనడానికి వచ్చిన పెద్దమనిషి నన్ను వింతగా చూశాడు. చూస్తే చూడనీ. ఆ చేతులు కట్టుకోవడం నాకు రూతక్క నేర్పింది.

రూతక్కది మార్కాపురంలో బస్టాండుకి కాస్త ఎడంగా ఒక గది షాపు. కంప్యూటర్ రిపేర్లు. ఊళ్ళో ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టే షాపు నాకు తెలిసి అదొక్కటే. మాది తర్లుపాడు. డిగ్రీ అయిపోయాక మా నాయన బస్సెక్కించి తీసుకొచ్చి ఆమె ముందు నిలబెట్టాడు. ఆమె నా మార్కులు అడగలేదు. కరెంటంటే భయమా అని అడిగింది. నేను మంచి హుషారుగా, ఏ భయమూ లేదక్కా అన్నాను. ఆమె మొహం మాడిపోయింది. మా నాయన వైపు తిరిగి, "ఈ పిల్లతో కష్టం అన్నా, భయపడదంట," అంది. నాయన ఏం చెప్పి ఒప్పించాడో గానీ నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. భయం లేకపోవడం కూడా ఒక తప్పా అని ఇంటికి పోయేదాకా గొణుక్కుంటూనే ఉన్నాను.

అంత పిరికి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఉరిమితే చాలు, షాపులో ప్లగ్గులన్నీ పీకేసేది. బోర్డు ముట్టుకునే ముందు కిటికీ ఇనుప చువ్వని పట్టుకుని, ఒంట్లోని కరెంటు పోయిందని నమ్మకం కుదిరాకే చెయ్యి పెట్టేది. బయోస్ మార్చే పని వస్తే ఇక చెప్పక్కర్లేదు. బయోస్ అంటే, కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు నిద్రలేచి, మెమరీ ఉందా, డిస్క్ ఉందా, ఫ్యాన్ తిరుగుతోందా అని చూసుకునే చిన్న ప్రోగ్రాం. దాన్ని మార్చేటప్పుడు మధ్యలో కరెంటు పోతే బోర్డు ఇక లేవదు. యూపీఎస్ ఉన్నా సరే, ఆమె సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసేది. అరగంట కరెంటు తియ్యవు గదా నాయనా అని బతిమాలేది. అక్కడ ఆపరేటర్ పాపం ఆమె గొంతు గుర్తుపట్టి, ప్రార్థన చేసుకో అక్కా, నేను చూసుకుంటా అనేవాడు. ఆమె నిజంగానే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. నేను మూతి తిప్పుకునేదాన్ని.

ఒకసారి ఉండబట్టలేక, ఇంత భయముంటే ఈ పని ఎందుకు పెట్టుకున్నావక్కా అని అడిగేశాను. కోపం రాలేదు ఆమెకి. వాళ్ళ నాయన పలకరాయి గనిలో కూలికి పోయేవాడట. దిగే ముందు రోజూ గడ్డపారతో నెత్తిమీది రాయిని తట్టి, చెవి పెట్టి వినేవాడట. రాయి గట్టిగా మోగితే దిగేవాడు, బోలుగా మోగితే వెనక్కి వచ్చేసేవాడు. పక్కవాళ్ళు పిరికోడని నవ్వేవాళ్ళట. "ముసలోడై మంచం మీద పోయినాడు మా నాయన. గనిలో పోలా," అంది. అంతే, మళ్ళీ పనిలో పడిపోయింది. నాకు ఆ రోజు అది పెద్దగా ఎక్కలేదు.

ఎక్కింది ఓబులేసన్న వచ్చిన రోజు. బొంతలో చుట్టిన కంప్యూటర్ డబ్బాని బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఒక్కడే వచ్చాడు. రికార్డింగులు విని తెలుగులో టైపు చేసి పంపే పని ఆయనది. తెర మీద ఏముందో పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఉంటుంది, దానితోనే అంతా నడిపిస్తాడు. కానీ డిస్క్ పాతబడి, ఆ గొంతు అక్షరానికో సారి నత్తుతోంది. పని ఆలస్యమవుతోందని ఇచ్చేవాళ్ళు విసుక్కుంటున్నారు, ఈసారీ ఇట్లనే అయితే ఇంకొకరిని చూసుకుంటామన్నారట. కొత్త రకం డిస్క్ సంపాదించి, పాతదాంట్లోవన్నీ ఎవరిచేతో అందులోకి ఎక్కించుకున్నాడు. ఆయన పాత బోర్డు దాన్ని గుర్తుపట్టదు. ఎవరో దూరపు స్నేహితుడు బయోస్‌ని మార్చి తయారుచేసి పంపాడు, అది ఎక్కిస్తే గుర్తుపడుతుందని చెప్పాడు. పెన్‌డ్రైవ్ తీసి రూతక్క చేతిలో పెట్టాడు.

ఆమె వద్దంటే వద్దంది. ఇది కంపెనీ ఇచ్చింది కాదు, ఎవరి చేతిదో, బోర్డు చచ్చిపోతే నేనేం చెయ్యాలి, నాకు చేతులు వణుకుతున్నాయి అంది. నాకైతే సిగ్గేసింది, గిరాకీ ముందర ఇదేం మాట అని. ఓబులేసన్న మాత్రం ఆ వణుకు గొంతుని శ్రద్ధగా విన్నాడు.

"ఒంగోలులో ఒకాయన, అదెంత పని, ఇట్టే చేసేస్తా అన్నాడక్కా. ఆయనకి ఇయ్య బుద్ధి కాలేదు. నువ్వు భయపడతాండావు. నువ్వే చెయ్యి," అన్నాడు. "ఈ పని పోతే నేను మళ్ళీ మంచం మీద కూర్చోని, మా ఆమె పొలం నించి ఎప్పుడొస్తాదా అని వినుకుంటా ఉండాల్సిందే."

ఆ మాటకి ఆమె కాదనలేకపోయింది. ముందు పాత బయోస్‌ని తీసి రెండు చోట్ల దాచింది. సబ్‌స్టేషన్‌కి ఫోన్ అయింది. ప్రార్థన అయింది. కొత్తది ఎక్కింది, మెషీన్ దానంతటదే ఆగి మళ్ళీ మొదలైంది. తెర మాత్రం నల్లగానే ఉంది. ఫ్యాన్ లేచింది, ఆగింది, లేచింది, ఆగింది. పోయింది బోర్డు అనుకున్నాను. పవర్ బటన్ నొక్కబోతే రూతక్క నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "చేతులు వెనక్కి కట్టుకో పిల్లా. అది మెమరీని వెతుక్కుంటాంది. మనం తొందరపడితేనే చస్తాది," అంది. తనూ కట్టుకుంది. ఆమె నుదుటి మీద చెమట ధారలుగా కారుతోంది, తుడుచుకోవడానికి కూడా చెయ్యి ముందుకి తేలేదు. ఓబులేసన్న కుర్చీ అంచున కూర్చుని, ఆగిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టాడు. ఎంతసేపు నిలబడ్డామో తెలీదు గానీ, నా జన్మలో అంత పొడుగాటి మధ్యాహ్నం లేదు.

ఉన్నట్టుండి ఫ్యాన్ ఆగకుండా తిరగసాగింది. తెర వెలిగింది. కొత్త డిస్క్ పేరు కూడా కనబడింది. నేను ఎగిరి గంతేసి, టీ చెప్పనా అక్కా అన్నాను.

ఓబులేసన్న మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. "వచ్చిందా? నాకేం వినపడలా," అన్నాడు.

అప్పుడు చూశాం. తెర మీద ఒక వరుస ఇంగ్లీషు, ప్రాసెసర్ ఫ్యాన్ తిరగడం లేదు, ముందుకు పోవాలంటే ఎఫ్1 నొక్కండి అని. ఎదురుగా ఫ్యాన్ గిర్రున తిరుగుతూనే ఉంది. దానిదేముంది, నొక్కితే పోతుంది కదా, రోజూ ఆన్ చేయగానే ఆ కీ ఒకసారి నొక్కన్నా అన్నాను నేను తేలిగ్గా.

"అదేం అడుగుతాందో తెలీకుండా నేనెట్ల ఒప్పుకునేదమ్మా?" అన్నాడాయన.

మాకు అది ఒక వాక్యం. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే ఆ మనిషికి చప్పుడు లేని గోడ. రేపు ఆ తెర ఇంకేదైనా అడిగితే? రూతక్క పోయి మానిటర్ ఆపేసింది. వైరు కూడా పీకేసింది. "ఇంక మనకీ కనపడొద్దు," అని డబ్బా పక్కన నేల మీద కూర్చుని చెవి ఆనించింది. ఆన్ చేసింది. ఫ్యాన్ తిరుగుతోంది, తర్వాత ఏమీ లేదు. అన్నీ సరిగ్గా ఉంటే ఆ మెషీన్ చిన్న బీప్ ఇవ్వాలి, అది రావడం లేదు. ఆపింది. లోపల తడుముతూ పోయింది. చివరికి దొరికింది. ఎప్పుడో ఎవరో ప్రాసెసర్ ఫ్యాన్ వైరుని పక్క సాకెట్లో గుచ్చి వదిలేశారు. అక్కడ ఫ్యాన్ తిరుగుతుంది గానీ, తిరుగుతోందని బోర్డుకి తెలీదు. పాత బయోస్‌లో ఆ తనిఖీ ఆపేసి ఉండటంతో అది ఊరుకుంది. కొత్తది ఊరుకోలేదు. వైరు తీసి దాని చోట పెట్టి, మళ్ళీ ఆన్ చేసి, మళ్ళీ చెవి ఆనించింది.

బీప్ వచ్చింది. ఆ వెంటనే మాట్లాడే గొంతు వచ్చింది, నత్తి లేకుండా. ఓబులేసన్న గట్టిగా నవ్వాడు. రూతక్క నేల మీద నించి లేవలేదు, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఇందులో దాచుకునేదేముంది. ఆ సాయంత్రం ఆయన్ని బస్సెక్కించే ముందు ఆ మెషీన్‌ని ఎన్నిసార్లు ఆపి ఎన్నిసార్లు ఆన్ చేయించిందో, చివరికి ఆయనే, చాలక్కా, బస్సు పోతాది అన్నాడు.

రూతక్క పోయి రెండేళ్ళయింది, జ్వరంతో. సమాధుల దగ్గర ఓబులేసన్న నన్ను గొంతుతో గుర్తుపట్టి, నీ నంబరు చెప్పమ్మా అని అడిగాడు. ఇప్పటికీ ఏ మెషీన్ బాగుచేసినా చివరికి మానిటర్ ఆపేసి ఒకసారి వింటాను. గిరాకీలు నవ్వుతారు. మార్కులు అడగని ఆ మనిషి నాకు పని నేర్పిందంటే, నిజానికి భయపడటమే నేర్పింది.

బల్ల మీద ఫోన్‌లో ఫ్యాన్ లేస్తోంది, ఆగుతోంది. ఎండాకాలం కరెంటు, బోర్డు మీద పాత బ్యాటరీ, ఏదో అయి ఉంటుంది. నా అరచేతులు వెనకాల తడిసిపోయాయి. ఛార్జర్ పెద్దమనిషి కూడా ఎందుకో కదలకుండా నిలబడిపోయాడు. ఫ్యాన్ లేచింది. ఈసారి ఆగలేదు. తిరిగింది, తిరిగింది, ఆ తర్వాత సన్నగా బీప్.

అప్పుడు చేతులు విప్పి ఫోన్ అందుకున్నాను.

"భయమయిందా అమ్మా?" అన్నాడు ఓబులేసన్న.

"అయిందన్నా. చానా."

"అయితే ఇంక ఫరవాలేదు," అని ఫోన్ పెట్టేశాడు.