సాంచెల చప్పుడులో పుట్టిన నవల

రచయితలతో మాట్లాడి, ఆ మాటల్ని ఒక చిన్న పత్రికకు రాసి పంపడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. జీతం లేని పని. మా ఇంట్లో దీన్ని "ఊర్లు తిరుగుడు" అంటారు. ఆ రోజు లక్సెట్టిపేటలో పొద్దున్నే బస్సెక్కి, కరీంనగర్‌లో మారి, సిరిసిల్లలో దిగేసరికి ఎండ చుర్రుమంటోంది. నేను కలవబోయేది నేత పని చేస్తూ కథలు రాసిన మనిషిని. తన మొదటి నవల చివరి అధ్యాయం దగ్గర ఆగిపోయిందని, ఏడాదిగా ఒక్క పేజీ కదల్లేదని విన్నాను. ఎందుకు ఆగిందో అడగాలి, కుదిరితే కదిలించాలి. చేతిలో పని పెట్టుకొని కూర్చునే మనుషులంటే నాకు మొదటినుంచీ చిరాకు.

ఇంటి ముందు ఆయన భార్య చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. ఆయన స్టూలు తెచ్చి వేసి "కూసో చెల్లె" అన్నాడు. నేను ఫోన్లో రికార్డింగు పెట్టి, అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను. ఈ కాలంలో రచయిత ఏం చేయాలి?

"ఈ కాలంల రచయిత ఫంక్షన్ హాలు కాడ వాచ్‌మన్ పని చేస్తుండు," అన్నాడు.

ఆమె నవ్వింది. రెండు బస్సులెక్కి వచ్చిన నాకు నవ్వు రాలేదు. ఇదంతా కాదు, నీ రాత ఎట్లా సాగేదో చెప్పమన్నాను.

మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. పెళ్లి కాకముందు నుంచీ ఆయన సాంచెలు నడిపాడు. కార్ఖానాలో ఆ చప్పుడుకు పక్కవాడి మాట వినపడదు, చేతులతో సైగలు చేసుకోవాల్సిందే. ఆయన రాత అంతా అక్కడే జరిగింది. తెగిన పోగు ముడేస్తూ, నూలు అయిపోయిన కండె మారుస్తూ, రాయబోయే వాక్యాన్ని గొంతు చించుకొని అరిచేవాడట. చప్పుడును దాటి తన చెవికి వినపడితే ఆ వాక్యం ఉంటుంది. మధ్యలో ఊపిరి ఆడకపోతే పోతుంది. మిగిలినవి ఇంటికొచ్చి కాగితం మీద పెట్టేవాడు.

"అందుకేనా అన్నా నీ వాక్యాలు గంత పొట్టిగుంటయి? నేనేదో శైలి అనుకున్న."

"శైలేంది చెల్లె. దమ్ము సరిపోక."

నవలలో ఒక నేత కార్మికుడున్నాడు. పని పోయి, ఎవరి ముందూ చెయ్యి చాచలేక, బతుకు మీద ఆశ వదులుకున్నవాడు. ఒకరోజు ఈయన వాడి మాటలు అరుస్తున్నాడు. "ఇగ నాతోని కాదు. నేను పోత." సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఈయన గొంతు మాత్రం ఆగలేదు.

ఇంకో ఊళ్లో అయితే నవ్వి ఊరుకునేవాళ్లేమో. అక్కడ అలాంటి మాట అన్నవాళ్లు కొందరు నిజంగానే పోయారు. ఆ ఇళ్లు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు. పక్క సాంచెల మీద పనిచేసే పెద్దాయన వచ్చి, ఏమీ అడగకుండా ఈయన భుజం మీద చెయ్యి వేశాడు. "పా, ఇంటికి పోదాం. నేను సుత వస్త," అన్నాడు. కథ పెద్దన్నా, కథ, అని ఈయన మొత్తుకుంటున్నా ఎవరూ చెవిన పెట్టలేదు. అన్నట్టే పెద్దాయనా, ఇంకొందరూ పని వదిలేసి ఇంటిదాకా తీసుకొచ్చి, వాకిట్లో బట్టలారేసే తాడు కూడా విప్పుకుపోయారు. పూటకొకరు వచ్చి పక్కనే కూర్చున్నారు.

"స్నానాల గదిల గడియ పెట్టుకుంటే సుత తలుపు కొట్టిండ్రు," అన్నాడు.

"కొట్టింది నేనే," అంది ఆమె తల ఎత్తకుండా.

చివరికి రాసిన కాగితాలు తెచ్చి చదివి వినిపించాకే నమ్మారట. అప్పటినుంచి కార్ఖానాలో చాయ్ తాగే వేళ ఈయన చదవడం, వాళ్లు వినడం. వాళ్లు పెట్టిన షరతు ఒకటే. వాన్ని మాత్రం సంపకు.

ఆ కార్ఖానా ఇప్పుడు లేదు. సాంచెలను ఇనుప సామాను కింద అమ్మేశారు. విన్నవాళ్లలో కొందరు దుబాయి పోయారు. పెద్దాయన మహారాష్ట్రలోని భీవండి పోయి, అక్కడా సాంచెలే నడుపుతున్నాడు. పెళ్లిళ్లు లేని రోజుల్లో ఈయన కాపలా కాసే ఫంక్షన్ హాలు దగ్గర ఈగ వాలినా వినపడుతుందట, అంత నిశ్శబ్దంలో ఈయనకు ఒక్క వాక్యం రావడం లేదు. పైగా హైదరాబాదు ప్రచురణకర్త ఫోన్ చేసి, వాడు చచ్చిపోతేనే నవల నిలబడుతుందని, అలా రాస్తేనే అచ్చు వేస్తానని తేల్చి చెప్పాడు.

నాకూ అదే సబబనిపించింది. మనసులో ఉంచుకోవడం నాకు చేతకాదు, అనేశాను. "జరిగేది గదే కదన్నా. జరిగేది రాయకుంటే ఎట్ల?"

ఆమె చాట పక్కన పెట్టింది. "సచ్చినోని మీద రాస్తేనే చదువుతరా మేడం? గీయన బతికే ఉండు గద. గా పెద్దన్న బతికే ఉండు. మేమేమన్న అబద్ధమా?"

నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఆయన మీద చూపించాను. "మరి బతికించు. ఏడాది సంది ఎందుకు కూసున్నవ్?"

"ఊకెనే బతికిస్తే అబద్ధమైతది. వానికి పని దొరికింది, మంచిగున్నడని రాస్తే నాకే సిగ్గైతది. పని యాడ దొరుకుతుంది చెల్లె? పోవాలనుకున్నోడు ఎందుకు ఆగుతడు? నాకు గది తెలుస్తలేదు."

"ఆనాడు నిన్నెట్ల ఆపిండ్రు?"

"నన్ను ఆపుడేంది. నేను సచ్చేటోన్ని కాదు గద."

"వాళ్లకు ఎరుక లేదు గదన్నా. అయినా పని ఇడిసిపెట్టి వచ్చిండ్రు."

ఆయన లేచి వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. పెదవులు కదులుతున్నాయి. నన్ను నోరు మెదపొద్దని ఆమె సైగ చేసింది. కాసేపటికి ఫోన్ తీసి భీవండికి కలిపాడు. అవతల పెద్దాయన పని మీదున్నానని, బయటికొచ్చి మాట్లాడతానని అంటున్నాడు. సగం మాట, సగం సాంచెల చప్పుడు.

"బయటికి రాకు పెద్దన్నా. ఆడనే ఉండి ఇను," అని ఈయన స్పీకరు పెట్టి, ఫోన్‌ను గోడ మీద నిలబెట్టాడు. ఆ చప్పుడు వాకిలంతా నిండింది.

అరవడం మొదలుపెట్టాడు. మొహమాటం లేదు, బెదురు లేదు. పక్కింటివాళ్లు బయటికొచ్చి చూశారు. నవలలో ఆ మనిషి పోతానన్నాడు. కరెంటు పోయింది. అందరూ విన్నారు. ఒక పెద్దమనిషి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. చివరి మాట దగ్గర ఊపిరి అందక, ఆగి, రెండోసారి అరిచాడు.

"పా, ఇంటికి పోదాం. నేను సుత వస్త."

అవతల సాంచెల మోతలోంచి పెద్దాయన గొంతు వినిపించింది. "మంచిగుంది తమ్మీ. గా మాట ఎవలన్నరు?"

"నువ్వే అన్నవ్ పెద్దన్నా. ఆనాడు, నాతోని."

"నేనా? నాకు యాది లేదు." మళ్లీ మోత. "మరి వాడు ఇంటికి పోయిండా?"

"పోయిండు."

"అయితే ఇగ మార్చకు. ఎవలు చెప్పినా మార్చకు."

ఫోన్ పెట్టేసి ఆయన రాసుకోవడానికి లోపలికి పోయాడు. నేనొకదాన్ని ఉన్నానన్నదే మరిచిపోయాడు. పబ్లిషర్ ఒప్పుకోకపోతే ఎట్లా అని ఆమెను అడిగాను.

"వాళ్లు ఎయ్యకుంటే మేమే ఏసుకుంటం," అంది ఆమె, చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంటూ. "నువ్వు మీ పత్రికల రాయి మేడం. వాడు బతికిండని రాయి."

రాశాను. వాడు బతికాడు.