‘ఇంకా కాలేదు’ అన్న స్కోరరు గారు

ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున్న ఏడింటికి ఫోను మోగింది. అవతల స్కోరరు గారి భార్య. ఆయన నన్ను అక్కయ్య అనేవారు కనుక ఆవిడకు నేను వదినని. “వదినగారూ, మీ తమ్ముడు రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయారు” అంది. “ఎన్ని గంటలకు?” అని అడిగాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. “తెలీదు వదినా. పొద్దున్న లేపితే లేవలేదు” అని ఆవిడ ఏడ్చింది. ఫోను పెట్టేశాక, ఆ ప్రశ్న అడిగినందుకు చాలాసేపు సిగ్గుపడ్డాను. ముప్పై ఒక్క ఏళ్ళు కాకినాడలో ఆడపిల్లల జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పినదాన్ని. ఏ కబురు విన్నా ముందు అంకె కోసం వెతుక్కుంటాను.

ఇది చదువుతున్న మీలో చాలామందికి ఆయన చర్చిలో తెలుసు. కొందరికి ఆయన పనిచేసిన వృద్ధాశ్రమంలో, మీ అత్తగారికో మామగారికో తలదువ్వి కబుర్లు చెప్పిన నర్సుగా తెలుసు. నాకు తెలిసింది మా మనవరాలు ఆడే బేస్‌బాల్ క్లబ్బులో, స్కోరు రాసే రేకుల గదిలో. పాలకొల్లు మనిషి. కొడుకు చిన్నప్పుడు ఆ క్లబ్బులో ఆడేవాడట. కొడుకు పెద్దవాడై ఆట మానేసి సిడ్నీ వెళ్ళిపోయినా, తండ్రి మాత్రం ప్రతి శనివారం వచ్చి స్కోరు రాస్తూనే ఉన్నారు. ఎందుకని అడిగితే, “ఎవరో ఒకరు రాయాలి కదండీ” అనేవారు.

మేముండేది మాసన్ లేక్స్‌లో. మనవరాలు పదిహేనో ఏట ఆ క్లబ్బులో చేరింది. బంతి విసిరే పని తనది, దాన్ని పిచర్ అంటారు. యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చేరిన మొదటి ఏడు తనకు కారు లైసెన్సు వచ్చింది. కారుకు కొత్త డ్రైవర్లు పెట్టుకోవాల్సిన ఎర్ర పి అక్షరం తగిలించుకుని, శనివారం మధ్యాహ్నాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మైదానానికి తీసుకెళ్ళేది. కూతురికీ అల్లుడికీ శనివారాలు కూడా డ్యూటీలు. కనుక కుర్చీ, నీళ్ళ సీసా, టోపీ, నోట్‌బుక్కు పట్టుకుని నేనే వెళ్ళేదాన్ని. బ్యాటర్లు పరుగెత్తి చేరే మూలలు బేస్‌లు. మూడో బేస్ దగ్గర యూకలిప్టస్ నీడలో కుర్చీ వేసుకునేదాన్ని. పిల్ల ఎన్ని బంతులు వేసిందో, ఎన్ని గురి తప్పాయో రాసుకునేదాన్ని. నాలుగు గురి తప్పితే ఎదుటి బ్యాటరు బ్యాట్ ఊపే పని లేకుండా నడుచుకుంటూ మొదటి బేస్‌కు వెళ్ళిపోతుంది. పిచర్‌కు అంతకన్నా అవమానం లేదు.

మహిళల్లో ఆ క్లబ్బుకు రెండు జట్లు, ఎ, బి. మా పిల్ల బి జట్టులో. తనను పైకి ఎప్పుడు పంపాలన్నది ఆ చెట్టు కింద ప్రతి వారం నడిచే వాదన. మా పిల్ల విసిరిన బంతిని పట్టే క్యాచర్ అమ్మాయి తల్లి ఒకవైపు. ఒకప్పుడు ఆ క్లబ్బుకే ఆడి, ఇప్పుడు కుక్కను వెంటేసుకుని వచ్చే ముసలాయన ఇంకోవైపు. వాళ్ళు మాట్లాడింది ఇంగ్లీషులోనే. నేను నా తెలుగులో రాస్తున్నాను.

“ఇంకా ఎన్నాళ్ళు కింద ఉంచుతారు? ఎ జట్టులో ఇంత స్పీడు ఎవరికుంది చెప్పు!” అనేది ఆవిడ.

“స్పీడు చూసి ఇక్కడి పిల్లలు భయపడి బ్యాట్ ఊపేస్తున్నారు. పైన ఊపరు. తాపీగా నిలబడి చూస్తారు. అప్పుడేం చేస్తుంది?”

“పోయినేడూ ఇదే మాట అన్నావు.”

“పోయినేడూ నేనన్నదే కరెక్టు.”

“నీ కుక్కనడుగు, అది కూడా పైకి పంపమంటుంది.”

నేను నోట్‌బుక్కు తీసి గడిచిన ఆరు ఆటల లెక్క చదివేదాన్ని. “అదిగో, ప్రొఫెసరమ్మ మొదలెట్టింది” అని ఇద్దరూ నవ్వేవారు. నా లెక్క ప్రకారం మా పిల్ల వెళ్ళాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయింది.

నవంబరులో ఒకరోజు స్కోరరు గారు రేకుల గదిలోంచి తల బయటపెట్టి, “అక్కయ్యగారూ, లోపలికి రండి. నాకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదు. రెండో మనిషి కావాలి” అన్నారు. నా చేతిలోని నోట్‌బుక్కు చూసి పిలిచారనుకుని, పొంగిపోతూ వెళ్ళాను.

ఆ గదికి ముందు ఇనుప వల, వెనక తలుపు. లోపల నుంచి మైదానమంతా కనిపిస్తుంది కానీ మైదానం నుంచి లోపలి మనిషి ముఖం కనబడదు. ఆయన నాకు స్కోరు పుస్తకం నేర్పారు. మైదానంలో తొమ్మిది స్థానాలకు తొమ్మిది అంకెలు. పిచర్ ఒకటి, క్యాచర్ రెండు. బ్యాటరు బ్యాట్ ఊపకుండా నిలబడి అవుటైతే కె అక్షరాన్ని తిరగేసి రాయాలి. “అక్షరాన్ని తిరగేసి రాస్తే మా కాలేజీలో మార్కులు కోసేదాన్ని” అన్నాను. “ఇక్కడ తిన్నగా రాస్తే నేను కోస్తాను” అన్నారాయన. పెన్నుతో రాయబోతే చెయ్యి అడ్డం పెట్టి పెన్సిలు ఇచ్చారు. “ఆటలో మొదట తప్పనిపించింది కాసేపటికి తప్పు కాకపోవచ్చండీ. చెరపడానికి వీలుండాలి.” నేను జీవితమంతా ఎర్ర పెన్నుతో రాసినదాన్ని. ఆ మాట నాకు అంత సులభంగా మింగుడుపడలేదు.

ఆయన అలవాట్లు కొన్ని చెప్పాలి. ఫ్లాస్కులో అల్లం టీ తెచ్చేవారు. మూతలో నాకు, స్టీలు గ్లాసులో తనకు. మంచి బంతి పడ్డప్పుడు ఏమీ అనరు. చెడ్డ బంతి పడ్డప్పుడు మాత్రం ముందుకు వంగి కళ్ళు చికిలించి చూసేవారు. ఎదుటి జట్టు పిల్లల పేర్లు కూడా సరిగ్గా పలకడం నేర్చుకుని రాసేవారు. “పుస్తకంలో వాళ్ళ పేరు తప్పు పడితే వాళ్ళు ఆడనట్టే కదా” అనేవారు.

ఇక్కడ ఎండలు ముదిరే ఫిబ్రవరి వచ్చేసరికి వాదనా ముదిరింది. సీజన్ ఇంకో నెలలో అయిపోతుంది. ఒకరోజు కారులో మనవరాలు, “అమ్మమ్మా, ఈ సీజన్‌లో ఎ టీమ్‌కి వెళ్ళకపోతే ఐ యామ్ డన్. నెక్స్ట్ ఇయర్ కోర్సులో కంపెనీ ప్లేస్‌మెంట్ ఉంటుంది. ఊరికే బి టీమ్ కోసం సాటర్‌డేస్ అన్నీ ఇవ్వలేను” అంది. నాలుగేళ్ళ ఆట. మా జట్టు కోచ్ ఎవరి మాట విన్నా వినకపోయినా స్కోరరు గారి మాట వింటాడని అందరికీ తెలుసు. ఆ శనివారం గదిలోకి వెళ్ళగానే అడిగేశాను.

“ఇంకా కాలేదు అక్కయ్యగారూ” అన్నారు.

“ఏ లెక్కన కాలేదు? పుస్తకం మీ ముందే ఉంది కదా!”

“పుస్తకం జరిగింది చెప్తుందండీ. ఆ తర్వాత పిల్ల ఏం చేస్తుందో చెప్పదు.”

ఆయన పాత పేజీలు తిప్పి అంచుల్లో పెట్టిన సన్నని చుక్కలు చూపించారు. నవంబరుకు ముందు పేజీల్లో చుక్కలు చీమల బారులా ఉన్నాయి. “గురి తప్పిన ప్రతిసారీ పిల్ల మూడో బేస్ వైపు చూస్తుంది. అక్కడ ఎవరు కూర్చునేవారో మీకు తెలుసు. ఒక్కో చూపుకు ఒక్కో చుక్క.” “మీరు లోపలికొచ్చాక తగ్గాయి చూడండి. నా కళ్ళకేం కాలేదు, క్షమించండి” అన్నారు.

అంటే నన్ను పిలిచింది నా లెక్క కోసం కాదు. పిల్లకు నా ముఖం కనబడకుండా దాచడానికి. నలభై డిగ్రీల ఎండలో ఆ రేకుల కింద నాకు చెవులు ఇంకా వేడెక్కాయి. “నా మనవరాలికి నన్ను చూస్తే భయమంటారా?” అన్నాను. “భయం అనను. అనుమతి అడగడం అంటాను” అన్నారు. టీ ముట్టకుండా లేచి వచ్చేశాను.

ఆ తర్వాతి శనివారం నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ కష్టంగా ఉంది. రేకుల గది ముందు నుంచే, ఆయన చూస్తుండగా, కుర్చీ మోసుకెళ్ళి మళ్ళీ చెట్టు కింద వేసుకున్నాను. ఆరోజు ఎ జట్టు కోచ్ మా పిల్లను చూడ్డానికి వచ్చాడని నాకు తెలుసు. స్కోరరు గారి మాట తప్పని నిరూపించాలని నా పట్టుదల. రెండో ఇన్నింగ్స్‌లో ఒక బంతి గురి తప్పింది. పిల్ల చూపు తిన్నగా నా మీదకు వచ్చింది. నేను నవ్వబోయాను, నవ్వు ముఖం మీదకు రాలేదు. ఇంకో బంతి, ఇంకో చూపు. వరసగా నలుగురు నడుచుకుంటూ వెళ్ళారు. ఎ జట్టు కోచ్ కారెక్కి వెళ్ళిపోయాడు. క్యాచర్ తల్లి నా భుజం మీద చెయ్యి వేసి తీసేసింది.

ఇంటికి వస్తూ సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు పిల్ల ముందుకే చూస్తూ, “అమ్మమ్మా, నీ ఫేస్ చూస్తే నాకు పదమూడో ఎక్కం గుర్తొస్తుంది. నువ్వు ఏమీ అనవు. జస్ట్ వెయిట్ చేస్తావు. నేను తప్పు చెప్పానని నాకే తెలిసేదాకా” అంది. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. ఆరేళ్ళ పిల్లకు ఎక్కాలు నేర్పేటప్పుడు నేను ఒక్క దెబ్బ వెయ్యలేదని గర్వపడేదాన్ని.

మళ్ళీ శనివారం రేకుల గది తలుపు తోశాను. స్కోరరు గారు ఫ్లాస్కు పక్కకు జరిపి నా పుస్తకానికి చోటు చేశారు. “బంతి చేతిలోంచి వెళ్ళిపోయాక అది మనది కాదండీ. పిచర్‌కైనా, మనకైనా” అని మాత్రం అన్నారు. ఆ మాట పిల్ల గురించో, నా గురించో నేను అడగలేదు.

ఆ ఆట మా పిల్లకు సీజన్ మొత్తంలో చెత్త ఆట. అన్నీ కొట్టారు. గురి తప్పాయి, తప్పనివి మైదానం దాటాయి. చెట్టు కింద వాదన ఆగిపోయింది. ముసలాయన, “నేను చెప్పలేదా” అనడానికి కూడా ఇష్టపడనంత చెత్త ఆట. నేను రాస్తూనే ఉన్నాను. ఆరో ఇన్నింగ్స్‌లో ఒకమ్మాయి కొట్టిన బంతి కంచె దాటి రోడ్డు మీద పడింది. పిల్ల తిరిగి దాన్ని చూసింది. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంది. తను నిలబడి బంతి విసిరే మట్టిదిబ్బ మీద గుంటను బూటుతో సరిచేసుకుని క్యాచర్ వైపు తిరిగి చెయ్యి చాపింది, బంతి ఇమ్మని. చెట్టు వైపు చూడలేదు. రేకుల గది వైపూ చూడలేదు.

స్కోరరు గారు పెన్సిలు కింద పెట్టారు. “అయింది” అన్నారు.

“ఏమయింది? చిత్తుగా ఓడిపోతుంటే!”

“అయింది అక్కయ్యగారూ. ఇవాళ రెడీ.”

ఆట అయ్యాక ఆయన మా కోచ్ దగ్గరకు నడిచి వెళ్ళడం వల వెనక నుంచి చూశాను. ఏం చెప్పారో వినబడలేదు. కోచ్ మొదట నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు. ఆ ఆదివారం సాయంత్రం ఎ జట్టు జాబితాలో మా పిల్ల పేరు వచ్చింది. ఇల్లంతా గెంతింది. “అంకుల్ ఏం చెప్పారమ్మమ్మా? నిన్న ఐ వాజ్ సో బ్యాడ్!” అని నన్ను పట్టుకుని ఊపేసింది. “నువ్వే వెళ్ళి అడుగు” అన్నాను. అడిగిందట. “మీ అమ్మమ్మ లెక్క చూపించిందమ్మా” అన్నారట. అబద్ధం. ఆయన ఆడగా నాకు తెలిసిన రెండో అబద్ధం. మొదటిది కళ్ళ గురించి. రెండూ నా పరువు కాపాడడానికే.

ఆ సీజన్‌లో మిగిలిన రెండు ఆటలూ ఎ జట్టుతో ఆడింది. ఒకటి బాగా, ఒకటి మామూలుగా. ప్లేస్‌మెంట్ వచ్చినా శనివారాలు వదలనని ఎవరూ అడగకుండానే చెప్పింది. చలికాలంలో ఆట ఉండదు. జూలైలో ఒకసారి ఆయన ఫోను చేసి, “అక్టోబరు నుంచి మనమూ ఎ జట్టుకు ప్రమోషనే, పెద్ద మైదానం” అన్నారు. “నేను రెడీయేనంటారా?” అన్నాను. చాలాసేపు నవ్వారు. “ఇంకా కాలేదు. ఇంకొక్క సీజన్ నా పక్కన కూర్చోండి” అన్నారు.

సమాధి దగ్గర ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, “శనివారం వస్తే చాలు, మా అక్కయ్య వస్తుంది, టీ ఎక్కువ పెట్టు అనేవారు” అంది. మా మనవరాలు ఆవిణ్ణి దగ్గరకు తీసుకుని, ఎప్పుడూ సగం ఇంగ్లీషులోనే మాట్లాడే పిల్ల, “నాకు ఆయన చాలా ఇష్టం ఆంటీ” అంది.

అక్టోబరులో ఎ జట్టు మొదటి ఆటకు స్కోరు నేనొక్కదాన్నే రాశాను. ఎవరో ఒకరు రాయాలి కదా. నాలుగో ఇన్నింగ్స్‌లో మా పిల్ల గురి తప్పి వరసగా ఇద్దరిని మొదటి బేస్‌కు నడిపించింది, మూడో అమ్మాయి గట్టిగా కొట్టింది. నేను ముందుకు వంగాను. పిల్ల ఎటూ చూడలేదు. అది చూసి, చూశారా అనడానికి, ఆయన కూర్చునే ఎడమవైపు తిరిగాను.

పిల్ల నా కోసం ఇటు చూడాలని నాకిప్పుడు లేదు. అలా చూడకుండా నిలబడడాన్ని ఆయనా నేనూ పక్కపక్కన కూర్చుని చూడాలని ఉంది, ఒక్క ఇన్నింగ్స్ చాలు. అప్పుడే సముద్రం వైపు నుంచి సాయంత్రం గాలి లేచింది. మట్టిదిబ్బ మీది ఎర్రదుమ్ము పైకెగిసింది. మా పిల్ల బంతిని చేతి తొడుగులో దాచుకుని, గాలికి వీపు తిప్పి, దుమ్ము అణిగేదాకా కదలకుండా నిలబడింది.