ఊడ్పు పాటలో మామగారు

మా నాన్నగారు నన్ను బడికి పంపలేదు గానీ, ఇంట్లోనే కూర్చోబెట్టి పద్యాలు నేర్పారు. ఆయన చలవ వల్ల, తొంభైల్లో తణుకు దగ్గర పల్లెకు నేను కాపరానికి వచ్చేసరికి, చినుకు పడినా కొంగ వాలినా నాకు కవిత్వం వచ్చేసేది.

ఆ ఏడు వరి ఊడ్పుల రోజున కూలీలకు మజ్జిగ పట్టుకుని చేలోకి వెళ్ళాను. పీకిన నారంతా సాయంత్రానికి చేలో పడిపోవాలి. మర్నాటికి కూలీల ముఠా పక్క ఊరికి మాట ఇచ్చేసింది, మిగిలిన కట్టలు వాడిపోతాయి. అందుకని మామగారు గొడుగేసుకుని గట్టు మీద ఒకటే హడావిడి.

"పాటలు కడతారంట కదండీ కోడలమ్మగారూ! మాకోటి చెప్పండి," అంది ముఠా పెద్ద. నోరున్న మనిషి.

అడగడమే ఆలస్యం. పూజ దగ్గర కట్టుకున్న పాట ఎత్తుకున్నాను.

"గోదారి తల్లీ... మెల్లంగ రావమ్మా..."

ఆడవాళ్ళంతా అందుకున్నారు. నా ఒళ్ళు పులకరించింది. అయితే ఊడ్పుల్లో పాట దరువును బట్టే చెయ్యి పడుతుంది. నేను "రావమ్మా" అని రాగం తీసినంతసేపూ నారు పట్టిన చేతులన్నీ గాలిలోనే ఆగిపోయాయి. రాగం అయ్యాకే మొక్క బురదలోకి దిగింది. మధ్యాహ్నం దాటింది, చేను సగం కూడా కాలేదు.

"ఏంటమ్మాయ్ ఇది? ఊడ్పులా, ఊంజల సేవా?" అని మామగారు గట్టు మీంచి అరిచారు.

"గోదారమ్మ ఇంకా బయల్దేరలేదండీ అయ్యగారూ, మేమేం చేస్తాం!" అంది ముఠా పెద్ద. అందరూ ఒకటే నవ్వు. ఆవిడ నా వైపు తిరిగి, "దేవుళ్ళ పాటకి దండం పెట్టాలనిపిస్తందండి, చెయ్యి ఆడట్లేదు. అయ్యగారి మీద కట్టండి," అంది.

మామగారి మీద కోడలు పాట కట్టడమా!

"ఎవరి మీదైనా కట్టు తల్లీ, నారు పడాలి!" అన్నారాయన.

రాముణ్ణి తలుచుకుని మొదలుపెట్టాను.

"గొడుగు నీడ అయ్యగారు ఎండను తిడతారు,
గట్టు దిగి బురదలో కాలు మాత్రం పెట్టరు!"

ఇంక చూడాలి! నవ్వులూ, దరువూ, చేతులూ కలిసిపోయాయి. చరణానికో వరస నారు పడింది. మామగారు వినబడనట్టు కాలవ వైపు తిరిగి నిలబడ్డారు గానీ, చెప్పు మాత్రం తాళం వేస్తూనే ఉంది. పొద్దు వాలేలోపు ఆఖరి కట్ట కూడా పడింది. భగవంతుడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

మర్నాడు పక్క ఊరి చేలో కూడా ముఠా అదే పాట పాడిందని తెలిసింది. మామగారు భోజనం మధ్యలో చెయ్యి ఆపేశారు. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను.

"ఆ ఊరి ఆసామికి కోడలు లేదా ఏంటి? వాళ్ళ పాట వాళ్ళనే కట్టుకోమను. నా పాటతో వాళ్ళ చేను ఊడుస్తారా!" అన్నారు.