గంట ఒకటే, లైన్లు ఎనిమిది

ఎక్స్చేంజి అత్త పోయిందని మంగళవారం పొద్దున్న మా తమ్ముడు ఫోను చేశాడు. విశాఖలో ఆఫీసుకి బయల్దేరుతున్నదాన్ని అటునుంచటే చోడవరం బస్సెక్కాను.

ఆవిడ మాకు చుట్టం కాదు, ఎదురింటావిడ. టెలిఫోను ఎక్స్చేంజి ఆటోమేటిక్ అయ్యేదాకా అక్కడ ఆపరేటరు. రిటైరయ్యాక కూడా మాట్లాడేముందు ఎడమచెవి మీద జుట్టు వెనక్కి తోసుకునేది, అక్కడింకా హెడ్‌ఫోను ఉన్నట్టు. ఎవరింటికెళ్ళినా వంటింటి దాకా తొంగిచూసి, అందరినీ పలకరించాకే కూర్చునేది. చిన్నప్పుడు నాకదంతా చాదస్తంలా తోచేది.

ఆ చాదస్తమే ఒక చెరకు సీజనులో నన్ను కాపాడిందంటే మీకు నవ్వొస్తుందేమో.

బుచ్చయ్యపేట దారిలో అప్పుడొక చిన్న ఖండసారి పంచదార మిల్లుండేది. చెరకు బళ్ళు తూచే రెండు కాటాలనీ, గుమాస్తాల టెర్మినళ్ళనీ ఒకే కంప్యూటరుకి కలపడం నాకు దొరికిన మొదటి పని. అందుకు ఎనిమిది పోర్టుల కార్డు, అంటే ఎనిమిది లైన్లు తగిలించే పలక, తెప్పించాం. దాన్ని నడిపే డ్రైవరు ప్రోగ్రాము నేనే రాశాను, ఒళ్ళంతా గర్వంతో. పోర్టులు ఎనిమిదైనా, కార్డు కంప్యూటరుని పిలవడానికి ఉన్నది ఒక్కటే తీగ. ఆ పిలుపునే ఇంటరప్ట్ అంటాం. పిలుపు రాగానే పిలిచిన పోర్టుని వెతికి, కబురు తీసుకుని, చటుక్కున తప్పుకోవాలి. పుస్తకాల్లో అలాగే చదివాను, అలాగే రాశాను.

పది రోజులు బాగానే నడిచింది. బళ్ళ రద్దీ పెరిగాక తెరల మీద అంకెలు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం మొదలైంది. ఒకరోజు రోలుగుంట రైతొకాయన బండి కాటా ఎక్కింది. తెర మీద ముందు బండి బరువే నిలిచి ఉంది. గుమాస్తా చూసుకోకుండా చీటీ రాసిచ్చేశాడు. నిండు బండికి సగం బండి బరువు. ఆ పెద్దాయన అరవలేదు, కాటా మీదే చతికిలబడ్డాడు.

"ఈ తూకం సరేనని ఆ మిషను రాసినోళ్ళు నా మొకం సూసి సెప్పాల. అప్పుడు లెగుస్తాను."

వెనక బళ్ళు రోడ్డు దాకా ఆగిపోయాయి. నరికిన చెరకు ఎండలో వాడిపోతోంది. మిల్లువాళ్ళే దొంగ తూకం పెట్టించారని ఎవరో గుమాస్తా చొక్కా పట్టుకున్నారు. మేనేజరు నా దగ్గరికొచ్చి, నాలుగింటిలోగా బాగుచెయ్యకపోతే మిషను తీయించేసి, తప్పు ఈ అమ్మాయిదేనని రైతులకి అప్పజెబుతానన్నాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, అన్నం ముట్టకుండా అరుగు మీద కాగితాలు పరుచుకున్నాను. ఏటైందని అత్త అడిగితే, నీకేం అర్థమవుతుందిలే అని కసిరాను. ఆవిడ కదిలితేనా. చివరికి చెప్పాను.

"మీ మిషనుకి గంటలెన్ని?"

"ఒకటే."

"లైన్లెన్ని?"

"ఎనిమిది."

"మరి ఒకడికి పలికేసి లెగిసిపోతన్నావేటే?"

మిగతావాళ్ళు మళ్ళీ పిలుస్తారు కదా అన్నాను. అత్త నా పక్కన కూర్చుంది. తన మొదటి బోర్డుకీ ఒకటే గంట ఉండేదట. ఎవరైనా పిలిస్తే ఆ లైను మీది చిన్న రేకు మూత పడి, గంట ఒక్కసారి మోగేది. ఒక రేకు పడి ఉండగానే ఇంకోటి పడితే మాత్రం మోగేది కాదు. అలా ఒకసారి చీడికాడ ఊరి రేకు పడి ఉండటం ఆవిడ చూడలేదు. భార్యకి నొప్పులొస్తుంటే డాక్టరు కోసం ఫోను చేసిన మనిషి అతను. పావుగంటకి చూసింది. డాక్టరు వెళ్ళేసరికి ఆ తల్లి లేదు.

"ఆ మనిషి నన్నొక్క మాటనలేదే. అప్పటినుండీ ఈ సివర నుండి ఆ సివరికి సూసి, మళ్ళీ సూసి, ఒక్క రేకూ పడిలేదంటేనే సెయ్యి తీసేదాన్ని."

నా కార్డు తీగదీ అదే వరస, ఒక పోర్టు కబురు తీసుకోకుండా ఉండిపోతే ఇంకోటి పిలిచినా కొత్త పిలుపు రాదు. మిల్లుకి పరిగెత్తాను. పిలుపందుకునే భాగమంతా కొట్టేసి మళ్ళీ రాశాను. ఒక పోర్టుతో తప్పుకోకుండా ఎనిమిదింటినీ చూడాలి, ఏ పోర్టూ పిలవని చుట్టు వచ్చేదాకా చూస్తూనే ఉండాలి. మూడున్నరకి ప్రోగ్రాము కంపైలు కాలేదు, తొందరలో ఒక బ్రాకెట్టు వదిలేశాను. నాలుగుకి పది నిమిషాలుందనగా రెండు కాటాల మీదికీ ఒకేసారి బళ్ళు తోలించాను. రెండు తెరల మీదా అంకెలు కదిలాయి. పదిసార్లు తోలించినా ఆగలేదు.

అప్పుడు ఆ పెద్దాయన ఎదుట నిలబడి, పొద్దుటి తూకం తప్పు, ఆ తప్పు నాది అని చెప్పాను. నాకు ఏడుపొచ్చేసింది. ఆయన లేచి తుండుగుడ్డ దులుపుకుని, "ఈ మాట పొద్దున్నే సెప్పుంటే బాగుణ్ణు కదమ్మా," అని బండిని మళ్ళీ కాటా ఎక్కించాడు.

మంగళవారం సాయంత్రం సమాధుల తోటలో అత్త మీద అందరం తలో పిడికెడు మన్ను వేశాం. పాస్టరుగారి ప్రార్థన అయిపోయింది. పార పైకి లేచింది. తమ్ముడు పదమన్నాడు. నేను మాత్రం ఈ చివర నుంచి ఆ చివరికి ఇంకోసారి చూశాను. గోడవార ఒక ముసలాయన గుప్పెట్లో మన్నుతో నిలబడి ఉన్నాడు, ఎవరైనా పిలుస్తారేమోనని.

పార ఆపించి, ఏ ఊరు తాతా అని అడిగాను.

"సీడికాడమ్మా."

చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొచ్చాను. గుప్పెట విప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.