నొక్కని బొత్తాం

గాలి లేస్తుందన్న హెచ్చరిక ఉద్దానం తీరానికి వారం కిందట మూడు గంటలు ఆలస్యంగా చేరింది. అప్పటికే తెప్పలు సముద్రం మీదికి వెళ్లిపోయాయి. అదృష్టం బాగుండి అందరూ తిరిగొచ్చారు. టెక్కలి ఆఫీసు నుంచి తీరగ్రామాల కంప్యూటర్లకు గాలి కబుర్లు చేరవేసే ప్రోగ్రాం రాసింది నేనే. జాలర్ల దగ్గర సెల్‌ఫోన్లు అరుదైన రోజులవి. ఇంకోసారి ఆలస్యమైతే ఎలాగన్న భయంతో ఉదయం 5.45కి విశాఖలో పలాస పాసింజరు ఎక్కాను.

హరిశ్చంద్రపురం దాటాక ఎదురుగా కూర్చున్న జీడిపిక్కల గంపావిడ ఏ పని మీద వెళ్తున్నావని అడిగింది. కబుర్లు రోజురోజుకీ నెమ్మదిస్తున్నాయని చెప్పాను. "ఎవులో పట్టుకొని ఉంటారు బాబూ, ఆలని అడుగు" అంది. నవ్వి ఊరుకున్నాను.

9.40కి నౌపడాలో దిగి ఆటోలో టెక్కలి చేరాను. ఆఫీసు చూసే ధర్మారావు గారు టీ తెప్పించి, "రోజూ ఆపి మళ్లీ పెడతన్నామండి. గంటసేపు బాగుంటాది, మళ్లీ ఈడుస్తాది" అన్నారు.

మా పద్ధతిలో కబుర్లు వరుసలో నిలబడతాయి. ఊళ్లోవాళ్లు చదివి 'అందింది' అన్న బొత్తాం నొక్కితే కబురు వరుసలోంచి తప్పుకుంటుంది. నొక్కకపోతే యంత్రం అందలేదనుకుని మళ్లీ మళ్లీ పంపుతుంది. నెల్లాళ్లుగా మెమరీ పెంచాను, వైర్లు మార్పించాను కానీ ఆ వరుసను ఒక్కసారీ చూడలేదు. ఆ రోజు చూస్తే ఏడాదిగా పేరుకున్న కబుర్లు కుప్పలుగా ఉన్నాయి. అన్నీ వజ్రపుకొత్తూరు అవతల ఒకే ఊరివి. ఏ ఊరికి కొత్త కబురు పంపినా వాటి వెనకే పడుతోంది. గంపావిడ మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

11కి పలాస బస్సు, అక్కడ నాలుగు ఇడ్లీలు, ఆపైన ఆటో. జీడితోటలు, కొబ్బరితోటలు దాటగానే సముద్రం. విశాఖలో రోజూ చూసేదే, కానీ ఇక్కడ దానికీ మనుషులకీ మధ్య రోడ్డు లేదు, గోడ లేదు. కాసేపు అలా నిలబడిపోయాను.

ఆ ఊళ్లో కంప్యూటరు చూసేది ఢిల్లీరావు అనే కొబ్బరి రైతు. బొత్తాం ఎందుకు నొక్కలేదని కాస్త గట్టిగానే అడిగాను.

"నొక్కితే కబురు మాయమైపోతాది కదండి" అన్నాడు. గోడకు వేలాడే తీగ చూపించాడు, నిండా గుచ్చిన పాత ఉత్తరాలే. "మా నాన్న ఒక్క ఉత్తరమూ పారీనేదు. ఇవి పానాల కబుర్లు, ఎలాగ పోగొట్టీగలను?"

ఇంతలో నీలయ్య అనే ముసలి జాలరి గుమ్మంలోంచి, "పోయినేడు ఇదే రోజుల్లో ఏ గాలి సెప్పినారు, సూడు" అన్నాడు. ఢిల్లీరావు క్షణంలో తీసి చదివాడు. ఊరి కోసం ఏడాది గాలిని దాచిపెట్టాడు ఈ మనిషి. చదివిన కబురు మాయమయ్యేలా ప్రోగ్రాం రాసిన తెలివి నాది.

అన్నీ ఒక ఫైల్లోకి ఎక్కించి తెరిచి చూపించాను. పదిసార్లు సరిచూసుకున్నాకే అతను నొక్కడం మొదలుపెట్టాడు. వేలు నొప్పెడితే నేను అందుకున్నాను. 3.50కి వరుస ఖాళీ అయింది. ఆ వెంటనే తెరమీద కొత్త కబురు పడింది, సాయంత్రానికి గాలి లేస్తుందని. ధర్మారావు గారికి ఫోన్ చేస్తే, "ఇప్పుడే పంపినానండి, అప్పుడే వచ్చీసిందా?" అన్నారు.

బయట తెప్పల్లోకి వలలు ఎక్కిస్తున్నారు. ఢిల్లీరావు మైకు పట్టుకుని పరుగెత్తాడు.

పలాసలో 5.15 బండి అందింది. పూండి దగ్గర గాలి విసురుకు అందరూ కిటికీలు దించేశారు. అప్పుడు ఫోన్ మోగింది, ఢిల్లీరావు.

"తెప్పలన్నీ ఒడ్డునే ఉన్నాయండి. ముందు ఈ కబురు పుస్తకంలో రాసుకున్నాను. అప్పుడే నొక్కినాను."