పాత చర్చి కంకర

ఎండిన కాంక్రీటు ముక్కల మీద నీళ్లు పోస్తే సుయ్యిమంటుంది. ఈ ఉదయం మార్కాపురం సైటులో ఆ చప్పుడు వినగానే మస్తాన్ మేస్త్రి గుర్తొచ్చారు. "కూల్చిన కాంక్రీటు దాహం మీద ఉంటదమ్మా. ముందే తాపకపోతే సిమెంటు మాలులో నీళ్లన్నీ అదే తాగేస్తది" అనేవారు. ఇంజనీరింగు పట్టా చేతబట్టుకుని, అంతా నాకే తెలుసని ఎగిరిపడే రోజుల్లో నాకు పని నేర్పింది ఆయనే.

అప్పట్లో దొనకొండ దగ్గర ఒక పల్లెలో కూలి చేసుకునే కుటుంబాలు పాత చర్చి పడగొట్టి కొత్తది కట్టుకుంటున్నాయి; ఆ పనికి నేను ఇంజనీరును, ఆయన మేస్త్రి. ఆ పాత కాంక్రీటునే కంకరగా కొట్టి వరండాకు వాడదామన్నారు మేస్త్రి. "చచ్చిన కాంక్రీటు ఎన్నాళ్లుంటది మామా?" అని ఎగతాళి చేశాను. "స్లాబుకైతే నేనూ ఒప్పుకోను. నేలకు మాత్రం నీకంటే నాకంటే ఎక్కువ కాలముంటది. మట్టి పోయేట్టు కడగాల, నానబెట్టాల, పోసినాక నీళ్లు బాగా పట్టాల. అంతే" అన్నారు. ఆడవాళ్లు పొలం నుంచి వచ్చి, సాయంత్రాలు ఆ ముక్కలు కొట్టి జల్లెడ పట్టేవారు. వాళ్లలో పెద్దావిడ రూతమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి.

ఒక శుక్రవారం మేస్త్రి నమాజుకు వెళ్లినప్పుడు కంకర తక్కువ పడింది. గుంత పూడ్చడానికి మార్కాపురం గనుల నుంచి తెప్పించిన పలకరాయి ముక్కలు పక్కనే గుట్టగా ఉన్నాయి. అదీ రాయేగా అని మాలులో కలిపించేశాను. ఆయన వచ్చేసరికి సగం వరండా పోసేశాం.

మేస్త్రి పచ్చి కాంక్రీటులోంచి ఒక ముక్క తీసి, తాపీ మొనతో పొరలు విడదీసి చూపించారు. "పలక పొరలుగా లేస్తదని ఇక్కడ పసిబిడ్డకైనా తెలుసు గదమ్మా!" సిగ్గుతో చచ్చిపోయాను. పలకల ఊరు మార్కాపురంలో పుట్టి నేను వెలగబెట్టిన పని అది!

"పైన సిమెంటు పూత పెడదాం మామా. ఎవరికి కనబడతది?" అన్నాను.

"కనబడదు. నాలుగు వానలకు పగిలినాక, పాత కంకర వాడినందుకే పోయిందంటారు. ఆ ఆడోళ్ల కష్టం మీద నింద పడతది. 'తప్పు నాది' అని నువ్వే పోయి వాళ్లకు చెప్పు."

ఉద్యోగం పోతుందని భయం. అయినా వెళ్లి చెప్పాను. రూతమ్మ "ఏందమ్మా, చదువుకున్నదానివి" అని మాత్రం అని పార అందుకుంది. గట్టిపడకముందే అందరం కలిసి అదంతా ఎత్తిపోశాం. మళ్లీ కంకర కొట్టడానికి వారం పట్టింది. వాళ్లతోపాటు నేనూ కొట్టాను.

మేస్త్రి పోయి చాలా ఏళ్లయింది. ఆ వరండాలో ఇప్పటికీ వెంట్రుకవాసి పగులు లేదు. పాత కంకర నిలుస్తుందా అని అడిగినవాళ్లకు నేను మొదట చెప్పేది, నా చేతులతో నేను పాడుచేసిన ఆ సగం వరండా సంగతే. చెప్పిన ప్రతిసారీ సిగ్గేస్తుంది. చెప్పకుండా మాత్రం ఇంతవరకు ఒక్క పనీ మొదలుపెట్టలేదు.