లోపల వదిలిన గుడ్డ

నా చిన్నప్పుడు కెనడాలోని బ్రాంప్టన్‌లో మా ఇంటి పైభాగం మాది, బేస్‌మెంట్ స్టూడెంట్లది. ఆ రోజుల్లో మనవైపు నుంచి చదువుకని ఎంతమంది వచ్చేవారంటే, ఏ వీధిలో చూసినా గది కోసం వెతుక్కునేవాళ్లే కనిపించేవారు. మా బేస్‌మెంట్‌లో ముగ్గురమ్మాయిలు ఉండేవారు. నాలుగో అమ్మాయి సూట్‌కేసుతో వచ్చిన రోజు మా నాన్న చోటు లేదనే చెప్పారు. కిందివాళ్లే పరుపులు కాస్త గోడవైపు జరుపుకుని ఆమెను రమ్మన్నారు. నేను చెప్పబోయే బేస్‌మెంట్ అక్క ఆ నాలుగో అమ్మాయే.

ఆమెది ఖమ్మం వైపు. వాళ్లమ్మ ఇంట్లోనే బట్టలు కుట్టేది. అక్కకు పగలు కాలేజీ, సాయంత్రం వేర్‌హౌస్‌లో షిఫ్టు. అయినా నన్ను చూస్తే ఎక్కడలేని ఓపికా వచ్చేది. నేనేమో తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే రకాన్ని. దానికీ నవ్వేదే తప్ప విసుక్కునేది కాదు.

ఒక శీతాకాలం మా ఊరి గ్యాలరీలో గోడంత గుడ్డ ఒకటి పరిచారు. దాని నిండా గళ్లు గీసి, వచ్చినవాళ్లందరినీ ఇంటి నుంచి తెచ్చుకున్న ముక్కను తలా ఒక గడిలో కుట్టమన్నారు. చివరికి దాన్ని గోడకు వేలాడదీస్తారట. వీడియో కాల్‌లో ఈ సంగతి వినగానే మా అమ్మమ్మ తను ఇష్టంగా కట్టుకునే నేతచీర కొంగులోంచి ఒక ముక్క కత్తిరించి, ఇటు వస్తున్నవాళ్ల చేతికిచ్చి పంపింది. తన చీర కెనడాలో గోడెక్కుతోందని వాడంతా చెప్పుకుందట.

అక్కా నేనూ బస్సెక్కి వెళ్లాం. నా పక్కన కూర్చున్న తెల్లావిడ దారంతో గులాబీ పువ్వు కుడుతోంది. నా కుట్లేమో కోడి గెలికినట్టున్నాయి. అందరూ చూస్తారని సిగ్గేసి, కుట్టిందంతా పీకేసి ముక్కను కోటు జేబులో కుక్కేశాను.

"గట్ల పీకుతవేంది చెల్లె? మంచిగనే వస్తుండె గదా!" అంది అక్క. నేను వినలేదు. నా గడి ఇంకెవరికో ఇచ్చేశారు.

అక్క మాత్రం అన్నిటికన్నా అడుగు వరసలో తన పాత జాకెట్ గుడ్డ కుట్టింది. సగం గుడ్డను లోపలికి మడిచి, దాని మీద రెండు వరసల కుట్లు వేసింది. అంత గుడ్డ దాచేయడం ఎందుకని అడిగాను.

"మా అమ్మ ఏ జాకెట్ కుట్టినా లోపల గుడ్డ వదుల్తది. మనిషి ఒళ్లు చేస్తే కుట్లు ఇప్పుకోవచ్చు" అంది. గోడకు వేలాడే గుడ్డ ఒళ్లు చేస్తుందా అని నాకు నవ్వొచ్చింది.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. ప్రతి ఆదివారం అమ్మమ్మ తన చీర ఎక్కడ పెట్టారో ఫోటో పంపమని అడిగేది. రేపూ మాపూ అంటూ తప్పించుకునేదాన్ని. ముక్క కోసిన చీరను ఆమె ఇక కట్టుకోలేదు, ఆ ముక్కేమో నా జేబులో ముడుచుకుని పడి ఉంది. ఆమెకు ఏం చెప్పాలో తెలియక ఒక సాయంత్రం ఏడుస్తూ బేస్‌మెంట్‌కి దిగాను. మర్నాడు అక్క షిఫ్టు మానుకుని నన్ను వెంటబెట్టుకుని గ్యాలరీకి వెళ్లింది.

అప్పటికే గళ్లన్నీ నిండి, గుడ్డ గోడెక్కేసింది. అక్కడ పనిచేసే ఆవిడ నెమ్మదిగానే, ఇక చోటు లేదని చెప్పింది. అక్క ఆవిడ దగ్గర చిన్న కత్తెర తీసుకుని, నేలకు దగ్గరగా ఉన్న తన ముక్క ముందు కూర్చుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. కుట్టినవి విప్పకూడదని ఆవిడ కంగారు పడింది. ఇది తనదేననీ, కావాలనే లోపల వదిలిందనీ అక్క తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పుకుంటూ రెండో వరస కూడా విప్పేసింది. మడత జారి జానెడు గుడ్డ అంచు దాటి కిందికి వేలాడింది. ఆవిడ వంగి ఆ గుడ్డను చేత్తో పట్టి చూసి, వెళ్లి సూదీ దారం తెచ్చి నా చేతికిచ్చింది.

"కుట్టు చెల్లె. వంకర పోతే పోనియ్" అంది అక్క.

జేబులోంచి అమ్మమ్మ ముక్క తీసి ఆ జానెడు గుడ్డ మీద కుట్టాను. వంకరగానే వచ్చింది. ఈసారి పీకలేదు. అంత పెద్ద గుడ్డకు అంచంతా తిన్నగా ఉంటే, ఒక్క అమ్మమ్మ కొంగు మాత్రం బయటికొచ్చి వేలాడుతోంది. ఫోటో చూసి అమ్మమ్మ, అందరికన్నా ముందు తన చీరే కనబడుతోందని మురిసిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు నాకూ మనవరాళ్లున్నారు. వాళ్ల గౌన్లు నేనే కుడతాను, లోపల గుడ్డ వదిలే కుడతాను. నా కుట్లు ఈనాటికీ తిన్నగా రావు. ఎవరైనా మా గుమ్మంలో నిలబడి చోటుందా అని అడిగితే, మా నాన్నలాగే లేదనబోతాను. అనేముందు మాత్రం ఒక్కసారి ఇల్లంతా తిరిగి చూసొస్తాను. ఎక్కడో ఒకచోట జానెడు దొరుకుతూనే ఉంది.